పరశురాములు కొన్న తలుపు గంట

ఆ దుకాణంలో అడుగుపెట్టినప్పటి నుంచీ పరశురాములుకు అంతా రోతగానే ఉంది. గోడల నిండా అద్దాల స్విచ్చులు, ముట్టుకోకుండానే వెలిగే దీపాలు, పిలిస్తే పలికే డబ్బాలు. కోరుట్లలోని ఆ దుకాణం కోడలి అన్న జలపతిది. సిరిసిల్లలో కొడుకు జితేందర్ కట్టించిన కొత్త ఇంటికి ఇవన్నీ బిగించాలట. గృహప్రవేశం పన్నెండు రోజుల్లో ఉంది. ఏ రకం పెట్టించాలో తేల్చుకుందామని పొద్దున్నే తండ్రిని కారెక్కించుకుని వచ్చాడు జితేందర్.

“పరదాలు తియ్యి అంటె తీస్తది మామా. ఏసీ ఎయ్యి అంటె ఏస్తది. మీరు పండుకున్న కాడికెల్లి లేచుడే అక్కెర లేదు,” అన్నాడు జలపతి.

“లేచుడే అక్కెర లేనోనికి ఇల్లెందుకయ్యా, పాడె సాలదా?”

జలపతి నవ్వాలో వద్దో తెలియక జితేందర్ వైపు చూశాడు. జితేందర్ మొహం మాడ్చుకున్నాడు.

అంత రోతలోనూ పరశురాములు అక్కడ కూర్చున్నాడంటే ఒక్కటే కారణం, భార్య ఎల్లవ్వ. పద్దెనిమిదో ఏట సాంచెల మీద కూలికి చేరాడాయన. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచె అంటారు. ఆయన నేస్తుంటే పక్కనే నూలు కండెలు చుట్టింది ఆమె. ఆ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు, అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు. అందుకే ఎల్లవ్వ చెవులు పోయిన సంగతి ఎవరూ పట్టుకోలేదు. మొగుడికి మాత్రం తెలుసు. “ఎవ్వలకు చెప్పకు, చెవిటిది అంటరు” అని ఒట్టు వేయించుకుంది. పాత ఇంటికి సాంచెల షెడ్డు ఆనుకునే ఉంది కాబట్టి ఎవరికీ తెలియకుండానే పదిహేనేళ్లు గడిచిపోయాయి. కొత్త ఇల్లు ఊరి చివర, చీమ చిటుక్కుమన్నా వినబడే చోట. అక్కడ పిలిస్తే పలకదు, తలుపు కొడితే తీయదు. చుట్టాల నోళ్లకు దొరికిపోతుంది. ఇన్ని మాయలు కనిపెట్టారు కదా, ఆమెకు పనికొచ్చేది ఒక్కటైనా ఉండకపోతుందా అని ఆయన ఆశ.

“ఇంటికి ఎవలన్న అస్తె లోపటున్నోళ్లకు ఎట్ల ఎరుకైతది?” అని అడిగాడు.

“డబ్బా చెప్తది మామా, గట్టిగ! లేకుంటె ఫోన్ల మెసేజ్ అస్తది.”

“చదువు రానోళ్లకు?”

“గదీ డబ్బానే చదివి ఇనిపిస్తది.”

మళ్లీ డబ్బానే! ఛీ, దీని నోరు పడిపోను, అనుకున్నాడు పరశురాములు.

“గీడ కూసొని మన తలుపు చూపిస్త సూడు బాపూ,” అంటూ జితేందర్ ఫోను తీసి దుకాణంలోని పెద్ద టీవీకి కలిపాడు. నిన్ననే ఆ ఇంటి తలుపుకు పరీక్షకని కొత్త తాళమూ, పైన మాట అటూ ఇటూ వినబడే కెమెరా బిగించారు. టీవీలో గుమ్మం కనబడింది. గుమ్మం మెట్టు మీద, ఎండలో, నెత్తిన కొంగేసుకుని ఎల్లవ్వ కూర్చుని ఉంది. పక్కన ఖాళీ బకెట్టు. ఇల్లు కడిగిన నీళ్లు పారబోయడానికి బయటికొచ్చినట్టుంది, వెనకాల తలుపు దానంతటదే మూసుకుని తాళం పడిపోయింది. ఇంట్లో అందరి వేలిముద్రలూ తాళానికి ఎక్కించారు. ఆమెవి మాత్రం తర్వాత చూద్దామని వదిలేశారు.

“అవ్వా! ఓ అవ్వా!” జితేందర్ ఫోన్లో అరిచాడు. ఆమె తల తిప్పలేదు. “తాళం తీస్తున్న, తలుపు నూకు!”

టక్‌మని తాళం ఊడిన చప్పుడు కోరుట్ల దాకా వినబడింది. ఎల్లవ్వ కొంగుతో మెడ తుడుచుకుంది. అర నిమిషానికి మళ్లీ టక్‌మని తాళం పడింది. జితేందర్ మళ్లీ తీశాడు. తెరుచుకునే తలుపు వైపు వీపు పెట్టి ఆమె అట్లాగే కూర్చుంది. దుకాణానికి వచ్చినవాళ్లంతా టీవీ ముందు మూగారు.

“చెవిటోళ్ల ముంగట శంఖమూదినట్టున్నది బావా!” అన్నాడు జలపతి. అందరూ నవ్వారు. జితేందర్ కూడా నవ్వాడు.

కన్నతల్లి ఎండలో మాడుతుంటే నవ్వే నోరు! పరశురాములు జేబులోంచి ఫోను తీశాడు. కొత్త ఇంటికి ఎదురుగా ఉండే మంజులకు చేశాడు.

“మా ఇంటి ముంగటికి పో బిడ్డా. పిలువకు. భుజం తట్టు.”

కాసేపటికి మంజుల టీవీలోకి వచ్చింది. భుజం తట్టి, జితేందర్ మళ్లీ తాళం తీసిన తలుపు చూపించింది. ఎల్లవ్వ ఉలిక్కిపడి, వెంటనే నవ్వు తెచ్చుకుంది. “ఏం లేదు పిల్లా, జర సల్లగాలికి కూసున్న,” అన్న ఆమె గొంతు దుకాణమంతా వినబడింది. మే నెల, మిట్టమధ్యాహ్నం. నవ్వినవాళ్లు ఒక్కొక్కరే టీవీ ముందు నుంచి తప్పుకున్నారు.

“బాపూ, అవ్వకు ఇనవడదా? ఎప్పటిసంది?”

“నీ పదో తరగతప్పటిసంది. పక్కపొంటి ఉండి గింత కనుక్కోలేదు, గీడ కూసొని తలుపులు తీస్తవారా? థూ!”

నిజానికి ఆ థూలో సగం తన మొహానికే తగిలింది. ఒట్టు పేరు చెప్పుకుని ఒక్కనాడు ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకుపోలేదు. ఊరు నవ్వుతుందని ఆమెకు ఎంత భయమో తనకూ అంతే. పైన పటారం లోన లొటారమని ఈ సామానును తిట్టుకున్నాడు గానీ, తన సంసారం మాత్రం ఏం తక్కువ?

“ఒక గంట స్విచ్చు, ఎలిగేటి ఎర్ర బుగ్గ, ఒక చుట్ట వైరు ఇయ్యి,” అన్నాడు జలపతితో. “మిగిలిన మాయలు నీ తానే ఉంచుకో.”

రుద్రంగి దాటి సిరిసిల్ల చేరేదాకా ఆ సామాను సంచీని పరశురాములు ఒళ్లోంచి దించలేదు.

మర్నాడు ఎల్లవ్వ కొత్త ఇంట్లో వంటిల్లు సర్దుతుండగా, తలుపుకున్న కొత్త తాళం ఊడబీకి మామూలు గొళ్లెం వేశాడు పరశురాములు. పొయ్యి ఎదురుగా, ఎల్లవ్వ కళ్ల ముందుండేటట్టు, ఎర్ర బల్బు బిగించాడు. లక్షలు పోసి నునుపు చేయించిన తెల్ల గోడ మీద వైరు వంకరటింకరగా పోయింది. పోనీ. బయటికి వెళ్లి గంట నొక్కాడు. తలుపు తెరుచుకుంది.

“నువ్వేనా? నేనెవలో అనుకున్న.”

మళ్లీ నొక్కాడు. మళ్లీ వచ్చింది. మూడోసారి, “పని లేదా నీకు?” అని కసిరింది గానీ, నవ్వు ఆపుకోలేకపోయింది.

సాయంత్రం ఎర్ర బల్బు మళ్లీ వెలిగింది. ఈసారి గుమ్మంలో జితేందర్. తల వంచుకుని నేలకేసి ఏదో గొణిగాడు. పరశురాములు లోపలి నుంచి చూస్తున్నాడు. ఎప్పటిలాగే విన్నట్టు తలూపేస్తుందనుకున్నాడు. ఆమె కొడుకు గడ్డం పట్టుకుంది.

“మొకం మీదికెత్తి మాట్లాడు కొడుకా. కిందికేసుకుంటె నాకు ఇనవడదు.”