మట్టికట్ట లోపలి ఆవులు

ఫింటన్ హెనెగన్ పొలం మధ్యలో మెరక మీద ఒక మట్టికోట ఉంది. కోటంటే బురుజులూ తలుపులూ కావు. వెయ్యేళ్ళ పైబడిన గుండ్రటి మట్టికట్ట, చుట్టూ పూడిపోయిన కందకం, గట్టు మీద ముళ్ళచెట్లు. అది ‘వాళ్ళ’ చోటు, కంటికి కనబడని వాళ్ళది. వాళ్ళ పేరు ఎవరూ ఎత్తరు, లోపల అడుగూ పెట్టరు. అక్కడ కొమ్మ విరిస్తే ఇంటికి కీడని ఫింటన్‌కి చిన్నప్పుడే వీపు మీద చరిచి మరీ చెప్పారు.

ఒకసారి ప్రభుత్వం తరఫున ఒకావిడ వచ్చి, ఇది రక్షిత కట్టడం, గడ్డపార తగిలితే కేసేనంది.

“మా నాయనమ్మ ఊరికే చెప్పిన మాటకి మీకు జీతం కూడా ఇస్తున్నారా తల్లీ!” అన్నాడు ఫింటన్. ఆవులు అటు పోకుండా కంచె ఎప్పుడో వేసేశాడు. మంచివాడే, భయమే కాస్త ఎక్కువ.

ఆ నవంబరులో, చలికాలానికని ఆవుల్ని ఇంకా కొట్టంలోకి తోలకముందే, షానన్ నది పొంగింది. తెల్లవారేసరికి పొలమంతా నీళ్ళు, ఆవులు లేవు. ఆ మంద తప్ప ఇంటికి వేరే ఆధారం లేదు. ఫింటన్ తొడల లోతు నీళ్ళలో వెతుక్కుంటూ పోతుంటే కోటలోంచి ఆవు అరుపు వినిపించింది. కంచె విరిగిపడి ఉంది.

కట్టలో దారి విడిచిన చోట నిలబడి చూశాడు. మంద మొత్తం లోపలే ఉంది. ఒక ఆవు ఈనలేక తన్నుకుంటోంది. దూడ కాలు ఒక్కటే బయటికొచ్చింది. చెయ్యి పెట్టకపోతే రెండు ప్రాణాలూ దక్కవు.

టోపీ తీశాడు. “నన్ను మన్నించండయ్యా, చిన్న పని, చేసుకుని పోతాను,” అని లోపలికి నడిచాడు.

దూడ దక్కింది. అప్పుడు గానీ తలెత్తి చూడలేదు. చుట్టూ గాలి ఊళ పెడుతున్నా లోపల గడ్డిపోచ కదలడం లేదు. నేల పొడిగా ఉంది. ఆవులు నింపాదిగా నెమరు వేస్తున్నాయి. ఆనాడు ఎవరో తనలాంటి మనిషే, ఇలాంటి ఆవుల కోసమే, ఈ మట్టి మోశాడు. తను ఇన్నేళ్ళూ భయపడింది ఒక కొట్టానికా! కళ్ళు తుడుచుకున్నాడు.

జేబులో ఫోను మోగింది. భార్య అట్రాక్టా.

“ఏమయ్యా, కనిపించాయా? ఎక్కడున్నాయి?”

“కంగారుపడకే. వాటి ఇంట్లోనే ఉన్నాయి.”