సామి గోడకు బిగించని పిల్లుల చెట్టు

ఈ రోజు నా బద్ధకాన్ని దేవుడి వెనక దాచాను. దానివల్ల ఒక పిల్లి కాలు విరిగింది. అంతకన్నా హీనమైన పని ఆ తర్వాత చేశాను. తప్పంతా తనదేనని మా అప్ప ఏడుస్తుంటే నోరు మూసుకుని నిలబడ్డాను.

అప్ప అంటే మా అక్క. మా ఇళ్లలో అలాగే పిలుస్తాం. బావ పోయాడు, ఈ మలేసియాలోనే సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో, కూలీలకిచ్చే వరస ఇళ్లలో వాళ్లుండే లైను ఇల్లు ఖాళీ చేయమన్నారు. దాంతో ఇపో పట్నంలో నేనొక్కణ్ణే ఉంటున్న ఈ ఫ్లాటుకు వచ్చింది. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో రెండు పిల్లులున్న బుట్ట. తోటలో రబ్బరు చెట్లెక్కి ఉడతల్ని తరిమిన పిల్లులవి. ఇక్కడ తలుపు తీస్తే లిఫ్టు, కిటికీ తీస్తే ఎక్కడో కింద కార్లు. కర్టెన్లెక్కాయి, ఫ్రిజ్ ఎక్కాయి, చివరికి అప్ప గోడకు పెట్టుకున్న సామి పటాల ముందున్న కుంకుమ భరిణె దొర్లించాయి. ఎవరికైనా ఇచ్చేద్దామన్నాను. అప్ప వాటిని ఒళ్లోకి తీసుకుంది. ఆ ముఖం చూడలేక, అవి ఎక్కడానికి నేనే ఒక చెట్టు చేసి పెడతానన్నాను.

పాత భోజనం బల్ల కాళ్లను ఒకదానిపై ఒకటి బిగించి స్తంభం చేసి, అడుగున ఒక పీట కోసి బిగించాను. స్తంభానికి జిగురు పూసి నార తాడు చుట్టాను. నేను తిప్పుతుంటే అప్ప తాడు బిగువుగా పట్టుకునేది, వరసల మధ్య సందు లేకుండా సుత్తితో తట్టేది.

"గట్టిగా లాగరా తమ్ముడా! జడేస్తున్నట్టు ఆ మెల్లగా ఏటి? పెళ్లాం నేనోడివి, జడలెయ్యడం నీకెవులు నేర్పినారు?"

బావ పోయాక ఆమె నవ్వడం నేను విన్నది అప్పుడే.

మూడు పలకలు బిగించి, పాత తివాచీ ముక్కలు అంటించి నిలబెట్టాం. అప్ప చేత్తో తోసి చూసింది.

"ఊగుతంది తమ్ముడా. గోడకి బిగించీ."

ఖాళీ ఉన్నది సామి పటాల గోడ పక్కనే. డ్రిల్లు కావాలంటే పక్కింటి పెద్దాయన్ని అడగాలి, ఆయన కబుర్లన్నీ వినాలి. "సామి గోడకి పిల్లుల కోసం బొక్కెడతామా అప్పా? పాపం కాదా?" అన్నాను. ఏనాడూ దీపం వెలిగించని వాణ్ణి. అప్ప వెంటనే చెంపలేసుకుంది. "నిజమే, నాకు తోచనేదు" అంది.

ఈ ఉదయం గోడమీద బల్లి కనబడింది. రెండు పిల్లులూ ఒక్కసారి పైకి ఉరికాయి. చెట్టు ఒరిగి పడింది. నల్లది గెంతి తప్పించుకుంది. ఎర్రది పై పలక కింద కాలు ఇరుక్కుని అరిచింది.

"సామి కాడ పిల్లుల్ని ఎక్కించినాను, ఆయన తోసీసినాడు" అంటూ అప్ప నేలమీద కూలబడింది. "నానెక్కడుంటే అక్కడింతే. ముందు మీ బావ పోయినాడు, ఇప్పుడిది."

పిల్లిని తువ్వాలులో చుట్టి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. కాలికి కట్టు కట్టించి తెచ్చేసరికి అప్ప బట్టలు సర్దుకుంటోంది. బటాంగ్ బెర్జుంటై అనే ఊళ్లో తెలిసినవాళ్లింట్లో వంటకు మనిషి కావాలట.

"పిల్లుల్ని ఎవులికైనా ఇచ్చీ. నీ ఇంటికి నా దోసం వద్దురా."

అప్పుడు చెప్పాను. "సామి తొయ్యలేదప్పా. అడుగు పీట సిన్నది కోసినాను. డ్రిల్లు అడగడానికి బద్ధకమేసి సామి పేరు సెప్పినాను."

అప్ప చేతిలో చీర అలాగే ఉండిపోయింది.

"పొద్దున్నుంచి నాను ఏడుస్తంటే సూసినావు కదరా."

"సూసినాను."

"మనిషివేనా నువ్వు?"

పక్కింటికి వెళ్లి, పెద్దాయన కబుర్లన్నీ విని, డ్రిల్లు తెచ్చాను. దుమ్ము పడకుండా పటాలకు గుడ్డ కప్పి, ఆ గోడకే ఇనుప పట్టీలు బిగించాను. అడుగు పీట వెడల్పుగా కోసి మార్చాను. స్తంభాన్ని పట్టుకుని నా బరువంతా వేసి వేలాడాను. కదల్లేదు. గుమ్మంలో నిలబడి అప్ప చూస్తోంది.

"ఎల్లొద్దప్పా" అన్నాను.

"దాని కాలు అతికీదాకా ఉంటాను."

"తర్వాత?"

ఆమె వంటగదిలోకి వెళ్లిపోయింది. కట్టున్న కాలితో ఎర్రపిల్లి గెంతలేదు. నేలకు జానెడు ఎత్తులో దానికొక మెట్టు కావాలి. మిగిలిన పలక తీసుకుని, కూర్చుని, అంచులు గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టాను.