తిట్ల ఆల్డర్‌సన్

మా ఊరు ఆస్కర్‌బీ చూడటానికి జనం రావడమంటే క్లిఫర్డ్ ఆల్డర్‌సన్‌కి మొదటినుంచీ కంటగింపు. మంగళవారం సంతలో గొర్రెల వేలం చూసుకుని, ఒక గ్లాసు బీరు తాగి, కోట ముందు ఫొటోలు తీసుకునేవాళ్ళ మధ్యనుంచి భుజాలతో దారి చేసుకుంటూ తిరుగుముఖం పట్టేవాడు. "కూలిన గోడలు చూడ్డానికి అంత దూరం నుంచి రావాలా? మా కొట్టం వెనక గోడ పోయినేడే కూలింది. ఒక్కడొచ్చి చూళ్ళేదు" అనేవాడు. వాళ్ళ పొలానికీ మా పొలానికీ మధ్య ఒక్క రాతిగోడే అడ్డం కనక ఈ మాట నాకు కంఠతా వచ్చు.

హార్‌గిల్ జలపాతానికి దారి చూపే గోధుమరంగు పలకలు పెట్టించాలని ఊరి సంఘం తలపెట్టినప్పుడు, లేచి నిలబడి కాదన్నది ఆయనొక్కడే. సంఘం పెద్ద లియోనార్డ్ పికర్స్‌గిల్. ఆయన టీ దుకాణం జలపాతం పక్కనే ఉండటం వల్ల ఊరి అభివృద్ధి మీద ఆయనకి మక్కువ జాస్తి.

"నీ గుమ్మం ఎవరూ తొక్కర్లే క్లిఫర్డ్. నీ దగ్గర చూడ్డానికి ఏముందని?" అన్నాడు పికర్స్‌గిల్. సభంతా నవ్వింది.

పలకలు పాతినవాళ్ళు ఎక్కడినుంచో వచ్చిన కాంట్రాక్టు మనుషులు. జోరువానలో పని తెమిల్చుకుని పోయే తొందరలో, జలపాతం మలుపు దగ్గర పాతాల్సిన పలకని దానికి ముందున్న సందు మొదట్లో పాతేశారు. ఆ సందు మైలు దూరం కొండెక్కి, ఆల్డర్‌సన్ పెరట్లో ఆగిపోతుంది.

మొదటి ఆదివారమే లీడ్స్ పట్నం నుంచి ఒక జంట వానలో కారు దిగింది. క్లిఫర్డ్ ఒక గొర్రెని వెల్లకిలా పడేసి గిట్టలు చెక్కుతున్నాడు.

"జలపాతం ఎటండీ?" అని అడిగాడు కారులో వచ్చినాయన.

"జలపాతమా? ఇక్కడ పడే నీళ్ళల్లా మా చూరునుంచి పడేవే. ఎదురుగా పేడకుప్ప కనబళ్ళేదూ? అందులోకి కారెక్కించేవు. ఆ బూట్లేంటి, పెళ్ళికొచ్చేవా?"

ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కారులో వచ్చినాయన మొహం విప్పారింది. "ఏమనుకోకపోతే ఆ చివరి మాట ఇంకోసారి అంటారా? మా ఆవిడ వీడియో తీసుకుంటుంది."

క్లిఫర్డ్ పట్టు వదిలేసరికి గొర్రె లేచి పారిపోయింది. ఆయన చేతిలోంచి గొర్రె జారిపోవడం గోడ ఇవతలనుంచి నేను చూడటం అదే మొదటిసారి. ఈలోగా క్లిఫర్డ్ భార్య మేవిస్ తలుపు తీసుకుని వచ్చింది. "వానలో నిలబెట్టి తిట్టేదేంటి? రండమ్మా, ముందు లోపలికి రండి" అని వాళ్ళని పొయ్యి పక్కన కూర్చోబెట్టి, టీ పోసి, ఎండుద్రాక్ష కేకూ పక్కన చీజు ముక్కా పెట్టింది.

వాళ్ళు ఊరికే పోలేదు. కొండమీద అచ్చమైన పాతకాలపు మనిషి ఒకాయన ఉన్నాడనీ, కడుపునిండా తిడతాడనీ, తప్పక చూడాలనీ ఇంటర్నెట్లో రాశారు. ఎండలు ముదిరేసరికి పెరట్లో కార్లు తిప్పడానికి చోటు లేదు. క్లిఫర్డ్ మనస్ఫూర్తిగా తిట్టేవాడు, వచ్చినవాళ్ళు మనస్ఫూర్తిగా దండాలు పెట్టేవాళ్ళు. జలపాతం సంగతి అడిగే నాథుడు లేడు.

ఆగస్టులో పశువుల ప్రదర్శనలో ఆయన పొట్టేలుకి మొదటి బహుమతి వచ్చింది. ఆ సంతోషంలో, మర్నాడు పిల్లలతో వచ్చిన ఒక కుటుంబాన్ని "రండి, రండి, కూర్చోండి" అని పిలిచి పొట్టేలుని దగ్గరుండి చూపించాడు. "మేము వెళ్ళినరోజు ఆయన ఎంతో మర్యాదగా మాట్లాడాడు. పిల్లలు చాలా నిరాశపడ్డారు" అని రాశారు వాళ్ళు.

"నా ఇంట్లో నేను మంచిగా ఉండే రాత కూడా లేదా నాకు?" అని గింజుకున్నాడు క్లిఫర్డ్.

"ఇన్నేళ్ళుగా నాకు చూపించని మంచితనం వాళ్ళకెందుకులే" అంది మేవిస్, కప్పులు తుడుచుకుంటూ.

టీ దుకాణంలో ఈగలు తోలుకుంటున్న పికర్స్‌గిల్‌కి చివరికి విషయం తెలిసింది. వారం తిరక్కుండా పలక పీకించి అసలు మలుపు దగ్గర పాతించాడు. కార్లన్నీ అటే పోయాయి.

"పీడ విరగడైంది" అన్నాడు క్లిఫర్డ్ గోడ అవతలనుంచి. నేను అవునన్నాను.

మేవిస్ స్కార్‌బరో పిల్ల. సముద్రం ఒడ్డున వాళ్ళమ్మ అద్దె గదుల ఇల్లు నడిపేది. పుట్టినప్పటినుంచీ వచ్చేపోయే జనం మధ్య పెరిగిన మనిషి. పెళ్ళయి కొండెక్కాక ఆమెకి మాట్లాడటానికి మిగిలింది మొగుడూ కుక్కా. వాళ్ళిద్దర్లో కుక్కే కాస్త నయం. పలక పీకేశాక కూడా అలవాటు కొద్దీ కేకు చేసి, కప్పులు బల్లమీద పేర్చి, సాయంత్రానికి మళ్ళీ బీరువాలో సర్దేసేది. క్లిఫర్డ్ ఆ కప్పుల వంక చూసేవాడు. రోజూ కేకు మటుకు తినేవాడు. ఒకరోజు తింటూ తింటూ, "పికర్స్‌గిల్ కేకులో ఎండుద్రాక్ష ఎక్కడో వెతుక్కోవాలి" అన్నాడు. ఆయన నోట మెచ్చుకోలు అంటే అదే.

తరవాతి మంగళవారం వేలం అయ్యాక, "ఒక చిన్న పనుంది, రా" అని నన్ను వెంటబెట్టుకుని పలకలు మంజూరు చేసే ఆఫీసుకి వెళ్ళాడు. బల్ల వెనక ఉన్న అమ్మాయి తలెత్తకుండానే అడిగింది: "మీ దగ్గర చూడ్డానికి ఏముందండీ?"

"ఏమీ లేదు."

"ఏమీ లేనిదానికి పలక ఇవ్వరండీ."

క్లిఫర్డ్ టోపీ తీసి చేతిలో నలిపాడు. "నేనున్నాను" అన్నాడు నేలకేసి చూస్తూ.

ఆ అమ్మాయి అప్పుడు తలెత్తింది. "మీరు తిట్లాయనా? మా నాన్నని దుక్కముచ్చు అన్నార్ట కదా. ఇప్పటికీ అందరికీ చెప్పుకుని మురిసిపోతాడండీ."

చలికాలం రాకముందే సందు మొదట్లో కొత్త పలక లేచింది. దాని మీద టీ కప్పు బొమ్మ వేశారు. తిట్లకి బొమ్మ ఏదీ వాళ్ళ దగ్గర లేదుట.

అలా చాలా ఏళ్ళు గడిచాయి. పోయిన వసంతంలో క్లిఫర్డ్‌కి తుంటి ఎముక ఆపరేషన్ చేశారు. మేవిస్‌నీ నన్నూ చూసి నర్సు, "మీ ఆయనంత నెమ్మదైన మనిషి ఈ వార్డులో లేడండీ" అంది. నిజమే, సూది గుచ్చిన వాళ్ళకి కూడా థాంక్స్ చెబుతూ గోడకేసి తిరిగి పడుకున్నాడు. మేవిస్ గబగబా వెళ్ళి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

పక్క మంచం మీది లావుపాటాయన ఆమెని సైగ చేసి పిలిచాడు. "ఆయన ఆ ఆల్డర్‌సనేనామ్మా? మేము రెండుసార్లు వచ్చాం మీ ఇంటికి. నిన్నట్నుంచీ చూస్తున్నాను, ఒక్క మాట అన్లేదు."

"ఒంట్లో బాలేదు కదండీ. కాస్త ఓపిక పట్టండి" అంది మేవిస్.

గోడవేపునుంచి గొంతు వినిపించింది. "రాత్రంతా నీ గురకకి కిటికీ అద్దాలు అదిరేయి. బతికున్నావో చచ్చేవో తెలీక రెండుసార్లు నర్సుని పిలిచేను. దున్నపోతుకైనా కాస్త సిగ్గుంటుంది."

లావుపాటాయన తృప్తిగా దిండు సర్దుకుని పడుకున్నాడు. మేవిస్ సంచిలోంచి ఫ్లాస్కు తీసి, మొగుడికి ఒక కప్పూ ఆయనకి ఒక కప్పూ టీ పోసింది.