కొండ దగ్గరికొచ్చిన రోజులు

మా తోడికోడలు పోయి నెల కూడా కాలేదు. మార్కాపురంలో మా ఇళ్ల వెనకే పలకల మిల్లు. రాయి కోసే రంపాల దగ్గరే ఆమె వయసంతా గడిచింది. శవం లేవకముందే మిల్లు మేస్త్రి గడపలో నిలబడి, "కట్టెలపొయ్యి పొగే చంపిందమ్మా ఈమెను" అన్నాడు. నాకు అక్షరం రాదు. నోటితో చెబుతున్నాను, మీరే తీర్పు చెప్పండి.

ఆమె కడిగిన కంచం ఎప్పుడూ బోర్లించేది. వెల్లకిలా పెడితే అన్నం కంటే ముందు రాతిపొడి కూర్చుంటుందనేది. నాకు జ్వరమొస్తే పని మానుకుని పక్కనే కూర్చునేది. దగ్గుతూనే ఎగతాళి చేసేది: "నీ నోటికి జడిసి దుమ్ము నీ గొంతులోకి పోదులే అక్కా!"

కరోనాకు మిల్లు మూశారు. కొన్నాళ్లకు ఒక పొద్దున వాకిట్లోంచి కేకేసింది.

"అక్కా, కొండ నడిచొచ్చింది!"

"ఏందే, పిచ్చి పట్టిందా?"

"నువ్వే వచ్చి చూడు."

ఎప్పుడూ మసకగా ఉండే పడమటి దిక్కున నల్లమల, చెట్టు చెట్టూ విడిగా కనిపించేంత దగ్గరగా నిలబడి ఉంది. వీధిలో మనిషి లేడు. కొండ మమ్మల్నే చూస్తున్నట్టుంది. ఇద్దరం లోపలికి పోయి తలుపేసుకున్నాం. నవ్వకండి. దుమ్ములో బతికినవాళ్లకు తేట గాలి దయ్యంలాగే ఉంటుంది.

అంతకంటే భయం, ఆమె దగ్గు ఆగిపోవడం. గోడ అవతల చప్పుడు లేకపోతే ఉలిక్కిపడి పిలిచేదాన్ని. "ఉన్నాలే అక్కా" అనేది.

కంచాలు వెల్లకిలా పెట్టింది. పొయ్యి మాత్రం రోజూ వెలిగించింది. అవే కట్టెలు, అదే పొగ. ఇది గుర్తుపెట్టుకోండి.

మళ్లీ మిల్లు తెరిచారు. కొండ మసకలోకి వెనక్కిపోయింది. "పోయినాది అక్కా, మనమంటే గిట్టక" అంటూ ఆమె కంచం బోర్లించింది. దగ్గు తిరిగొచ్చింది. ఏళ్లు గడిచినా వదల్లేదు.

ప్రాణం పోయిన చోట దీపం పెట్టి, పిండి పరిచి, పైన వెదురుగంప బోర్లించాం. పోయినవాళ్లు వచ్చి అందులో అడుగు పెడతారని మా నమ్మకం. మర్నాడు మేస్త్రిని కూడా పిలిపించి, అందరి ముందూ గంప ఎత్తాను. ఆమె పాదం లేదు. తెల్లటి పిండి మీద, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, మెత్తగా పలకరంగు రాతిపొడి పొర.

"ఇది ఎవరి అడుగు నాయనా? పొయ్యిదా?" అన్నాను.

అతను నోరు తెరిచాడు. దగ్గొచ్చింది. ఇన్నేళ్లూ గోడ అవతల నేను విన్న దగ్గే అది.