మూడు స్క్రూల గిటారు

మొన్న మంగళవారం పొద్దున్న కాఫీ తాగుతూ ఫోనులో పాత బేస్ గిటార్ల అమ్మకపు ప్రకటనలు చూస్తుంటే, ఒక ఫొటో దగ్గర నా వేలు ఆగిపోయింది. నా ఈడువాళ్ళు కొందరు ఆ వేళకు పేపరు తిరగేస్తారు, కొందరు పార్కులో నడుస్తారు. మధురానగర్‌లో రెండు గదుల వాటాలో ఒక్కడినే ఉంటున్న నేను మాత్రం, మా ఆవిడ పోయిన దగ్గర్నుంచి ఈ ప్రకటనలు చదువుతుంటాను. కొనడానికి కాదు, అమ్మేవాళ్ళు వేసే సంవత్సరం తప్పో ఒప్పో చూడటానికి. డెబ్బైల్లో తయారైనదాన్ని అరవైల నాటిదని రాసేవాళ్ళు ఎక్కువ. వాళ్ళలో మోసగాళ్ళు కొందరే, ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పిన మాట నమ్మి రాసేవాళ్ళే చాలామంది. గిటారు మెడను ఒంటికి బిగించే చోట ఎన్ని స్క్రూలున్నాయో లెక్కపెట్టుకుని, మీ సంవత్సరం సరికాదండీ అని మర్యాదగా ఒక ముక్క రాసి పంపుతాను. జవాబిచ్చేవాళ్ళు తక్కువ. కొన్ని రోజుల్లో నేను ఇంకో మనిషితో ఆడిన మాట అదొక్కటే అయి ఉంటుంది.

ఆ రోజు ఫొటోలో, తీగలు చుట్టే తలకాయ మీద, కందిగింజంత కాలిన మచ్చ కనిపించింది. ఏటా దసరాకు ఆయుధపూజ చేసి, అగరొత్తిని తీగల మధ్య గుచ్చి, అది చివరంటా కాలేదాకా చేతులు కట్టుకుని నిలబడే మనిషి నాకు ఒక్కరే తెలుసు. మా అక్క భర్త, మా బావ. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఫొటో కింద, అరవై నాలుగు నాటిది, జూబ్లీహిల్స్‌లో చూడవచ్చు అని ఉంది.

బెజవాడలో ఇంటర్ తప్పి తిరుగుతున్న నన్ను మద్రాసు తీసుకువెళ్ళి, తన గదిలో చాప వేయించి, ఆ గిటారు మీదే నాకు వేళ్ళు తిప్పడం నేర్పింది ఆయనే. మన వాయిద్యం మోగుతున్నంతసేపు ఎవరికీ వినపడదురా, ఆగితే మాత్రం పాట ఒరిగిపోతుంది అనేవాడు. హార్బరుకు వచ్చిన ఓడలో బ్యాండు వాయించే ఒకాయన దగ్గర దాన్ని కొన్నానని, అరవై నాలుగులో చేసిందని, కొత్తగా ఎవరు కనిపించినా చెప్పి మురిసిపోయేవాడు. తరవాత సినిమా పరిశ్రమతో పాటు మేమూ హైదరాబాదు వచ్చేశాం. శ్రీనగర్ కాలనీలో పక్కపక్క వీధుల్లో కాపురాలు, ఫిల్మ్‌నగర్‌లో రికార్డింగు, పొద్దున ఒకే స్కూటరు మీద ప్రయాణం. అప్పటికి నాకూ ఒక గిటారు, నాకంటూ ఒక కుర్చీ ఏర్పడ్డాయి.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత విదేశీ పత్రిక ఒకటి దొరికింది. ఆ రకం బేస్‌లకు అరవైల్లో మెడ దగ్గర నాలుగు స్క్రూలు ఉండేవని, మూడు స్క్రూలు డెబ్బైల మధ్యలో గాని రాలేదని అందులో బొమ్మలతో సహా ఉంది. బావ గిటారుకు ఉన్నవి మూడు. ఆ సంగతి నాలో దాచుకుంటే సరిపోయేది. కానీ అదే వారంలో ఒక పాటకు బేస్ ఒంటరిగా మోగే ఘట్టం వస్తే, సంగీత దర్శకుడు నన్ను పక్కన కూర్చోబెట్టి బావను వాయించమన్నాడు. కడుపులో మంట అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. టీ విరామంలో ఎవరో కొత్త వయొలిన్ కళాకారుడు ఆ గిటారును మెచ్చుకోగానే బావ మామూలుగా అరవై నాలుగు కథ మొదలుపెట్టాడు. నేను లేచి, నలభై మంది వాద్యకారుల ముందు గిటారును వెనక్కి తిప్పి, మూడు స్క్రూలూ చూపించి, ఈయన ఇన్నేళ్ళుగా మీ అందరికీ అబద్ధం చెబుతున్నాడు అన్నాను. కొందరు నవ్వారు.

బావ నా మొహంలోకి చూసి, "అలాగా," అన్నాడు. అంతే. మిగిలిన టేకులన్నీ తప్పు లేకుండా వాయించి, గిటారును పెట్టెలో పెట్టుకుని, ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. మర్నాడు స్కూటరు దగ్గరికి రాలేదు. తరవాత ఎన్నడూ రాలేదు. అక్క ఉన్నన్నాళ్ళూ ఆయన లేని వేళ చూసి నాకు ఫోను చేసేది, క్షమించమని ఒక్కసారి అడగరా అనేది. నేను చెప్పింది నిజమే కదా అని బిగుసుకుని కూర్చున్నాను. అక్క పోయినప్పుడు ఇద్దరం చెరోవైపు నిలబడ్డాం. ఆయన పోయినప్పుడు నేను శ్రీనగర్ కాలనీలో వాళ్ళ ఇంటి గేటు బయటే నిలబడి వచ్చేశాను.

ప్రకటనలో ఉన్న నంబరుకు ఫోను చేస్తే ఎత్తింది మేనల్లుడు, బావ కొడుకు. సినిమాలకు ఎడిటింగు చేస్తాడు. నేనెవరో చెప్పగానే, "రండి మామయ్యా," అన్నాడు. జూబ్లీహిల్స్ ఎత్తులు ఎక్కుతూ ఇల్లు పోల్చుకోలేక నేను తడబడుతుంటే ఆటో అతను, "జర సోచాయించి చెప్పుండ్రి సార్, గీడ అన్ని గల్లీలు ఒక్క తీరుగనే ఉంటయి," అన్నాడు. సొంత మేనల్లుడి ఇల్లు తెలియదని అతనికి చెప్పడానికి సిగ్గేసింది.

గిటారు సోఫా మీద ఉంది. సంవత్సరం తప్పు వేశావురా అని చెప్పడానికే వెళ్ళాను నేను, ఇంత వయసు వచ్చినా. స్క్రూలు చూపించాను.

"నాన్న అరవై నాలుగే అనేవారు మామయ్యా."

"మెడ ఊడదీస్తే లోపల ముద్ర ఉంటుంది. చూద్దామా?"

తీగలు వదులు చేసి, మూడు స్క్రూలూ విప్పి, మెడను చేతిలోకి తీసుకున్నాను. ఒంట్లోకి దిగే చివర మాసిపోయిన ముద్ర అరవై నాలుగనే చూపిస్తోంది. దాని కింద, కొయ్య బిరడాలతో పూడ్చేసిన పాత రంధ్రాలు నాలుగు. వాటి మధ్య కొత్తగా తొలిచినవి మూడు. మెడ ఆ నాటిదే. ఒళ్ళు తరవాతిది.

"నేను పుట్టకముందు మద్రాసులో ఓ రికార్డింగ్‌కి వెళ్తుంటే రిక్షా తిరగబడి కిందభాగం రెండు ముక్కలైందట," అన్నాడు మేనల్లుడు. "ఇంకోటి దొరికితే వేయించారట. అమ్మ చెప్పేది. నాన్నకి ఆ మాట ఎత్తడం ఇష్టం ఉండేది కాదు."

అది నేను మద్రాసు చేరకముందు జరిగింది. ఒక్క మాట అడిగితే తెలిసేది. అడగలేదు. మెడను వాడి చేతిలో పెట్టాను. నలభై మంది ముందు నేనేమన్నానో వాడికి మొత్తం చెప్పాను, కడుపుమంటతో సహా. వాడు స్క్రూలు బిగిస్తూ, "మీ గురించి నాన్న చెడుగా ఎప్పుడూ అనలేదు. మీ మామయ్య చేయి మంచిదిరా అనేవారు," అన్నాడు. ఆ మాట అనకపోతే బాగుండేది. ఇంతలో వాడికి ఎవరో నిర్మాత దగ్గర్నుంచి ఫోను వచ్చింది. వెళ్ళే ముందు ప్రకటనను నన్నే సరిదిద్దమన్నాడు. మెడ అరవై నాలుగుది, ఒళ్ళు మార్పించినది అని రాసి, అక్కడే కూర్చుని రెండుసార్లు చదివి వచ్చాను. శనివారంనాటికి ఎవరో కొనుక్కుపోయారట.

ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు ఫిల్మ్‌నగర్ మీదుగా దిగాను. అప్పటి రికార్డింగు థియేటరు చోట ఇప్పుడు అద్దాల అపార్టుమెంటు ఉంది. ఇప్పటి పాటకు నలుగురు ఒకచోట కూర్చోనక్కర్లేదు. ఎవరి వాయిద్యం వాళ్ళు ఇంట్లో వాయించి పంపిస్తారు, బేస్ అయితే చాలావరకు కంప్యూటరే మోగిస్తుంది. అందులో తప్పేమీ లేదు, పాటలు బాగానే ఉంటున్నాయి. కానీ నేను వాద్యకారులందరి ముందు అన్న మాటను వాద్యకారులందరి ముందే వెనక్కి తీసుకోవాలి కదా. ఆ నలభై మందిలో మిగిలినవాళ్ళు ఎందరో, ఎక్కడున్నారో నాకు తెలియదు. నాకు తెలిసినవి నాలుగు ఫోను నంబర్లు. ఇంటికి వచ్చి నాలుగింటికీ చేశాను. రెండు మోగలేదు. మూడోది వేరెవరిదో. నాలుగోదానిలో తబలా వాయించే పాత మిత్రుడి భార్య ఎత్తి, ఆయనకు ఈమధ్య ఏమీ గుర్తుండటం లేదండీ, అయినా చెప్పండి, ఫోను చెవి దగ్గర పెడతాను అంది. చెప్పాను.