అవ్వ కాచిన బిళ్ళగన్నేరు కషాయం

నా చిన్నప్పుడు, మొయినాబాద్ చుట్టూ పొలాలు ఫామ్‌హౌజులుగా మారుతున్న రోజుల్లో, మా అమ్మకు రక్తంలో క్యాన్సర్ వచ్చింది. మా బాపు సాఫ్ట్‌వేర్ ఆఫీసులకు క్యాబ్ నడిపేవాడు. సిటీ దవాఖానలో సూదిమందు ఎక్కించుకుని వచ్చిన ప్రతిసారీ అమ్మ ముడుచుకుని పడుకునేది. మా అవ్వ మంచం పక్కనే కూర్చుని, చూడలేక ముఖం తిప్పుకునేది.

ముందు గదిలో కిరాయికి ఉన్న అక్క ఫార్మసీ చదివేది. ఉప్పు అడగడానికి కూడా గడప అవతలే నిలబడేంత మొహమాటం ఆమెది. అమ్మకిచ్చే మందు బిళ్ళగన్నేరు మొక్క నుంచి తీస్తారని ఒకరోజు మాటల్లో అవ్వతో ఆమే చెప్పింది. మా వాకిట్లో అవి గుబురుగా పెరిగేవి. మేకలు కూడా ముట్టేవి కావు.

మర్నాడు అవ్వ ఆ ఆకులు మరిగించి గ్లాసులో వడగట్టింది.

"ఇంటి ముంగటనే మందుంటే గంత దూరం పోవుడేంది బిడ్డా? తాగు, సూదుల బాధ తప్పుతది."

అమ్మ కళ్ళు మూసుకుని గ్లాసు పెదాల దాకా తెచ్చింది. అప్పుడే గడప దగ్గరికి వచ్చి అవ్వ మాటలు విన్న అక్క ఒక్క ఉదుటున లోపలికి దూకి గ్లాసును చేత్తో కొట్టి పడేసింది. గ్లాసు గోడకు తగిలి దొర్లింది.

"బీమారున్న మనిషి మీద చెయ్యి లేపుతవా?" అవ్వ అరిచింది.

"గిది తాగితే పాణం పోతది అవ్వా!" అంది అక్క.

తర్వాత నా క్యారమ్ కాయలు తెప్పించి ఒకదాని మీద ఒకటి పేర్చింది. మన ఒంట్లో ప్రతి కణంలో కంటికి కనపడని సన్నటి గొట్టాలుంటాయట. ఇలాగే ముక్క మీద ముక్క చేరి పొడుగవుతాయట. వేలితో తోసేసరికి కాయలన్నీ కూలాయి. గొట్టాలూ అంతే, ఉన్నట్టుండి కూలి మళ్ళీ లేస్తాయట. కణం రెండుగా విడిపోయేటప్పుడు లోపలి సరుకును చెరోవైపు లాగేవి అవేనట.

మళ్ళీ పేర్చి, పైన అరచెయ్యి అడ్డం పెట్టింది. "మందు గిట్ల కూసుంటది. ఇంకో ముక్క ఎక్కనియ్యదు. రోగం కణం రెండు కాలేక సస్తది. మంచి కణాలకు గూడ గంతే. అందుకే డాక్టర్లు రక్తం చూసి, కొలిచి ఇస్తరు. నీ గ్లాసుల ఎంతున్నదో ఎవరికెరుక?"

అవ్వ తన చేతుల వైపు చూసుకుంది. "నా చేతులతోనే సంపుకుందు గదనే" అంటూ అమ్మ కాళ్ళ దగ్గర కూలబడింది.

తర్వాతి సూదికి అవ్వే అమ్మను బస్సులో తీసుకెళ్ళింది. అమ్మ బతికింది.

ఆ కషాయం కాచిన మనిషి మనసులో అమ్మ మీద ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా నన్ను ఉలిక్కిపడేలా చేసేది అదే.