మా అమ్మ సాక్ష్యంలో వరస

ప్యాసేజీ చదవమంటే నేను దాంట్లోకి వెళ్లి కాపురం పెట్టేసేదాన్ని. అప్పట్లో బ్యాంకు పరీక్షకి రాజాంలో కోచింగు. మధ్యాహ్నం ఫ్యాను గాలికి కాగితాలు మెల్లగా లేస్తుంటే, తాబేళ్ల పేరా చదువుతూ నేనూ ఇసకలో గుడ్లు పెట్టి సముద్రంలోకి నడిచిపోయేదాన్ని.

"కతలో పడిపోకు తల్లీ, దాన్ని ఏ వరసలో కట్టేరో సూడు," అనేవారు మాష్టారు. కారణం చెప్పి ఫలితం చెప్పారా, రెండిటిని పోల్చారా, కష్టం చెప్పి దారి చూపించారా? అంతే తేల్చాలట.

ఆ చివరిది మాత్రం నాకు ఇట్టే దొరికేది. చీపురుపల్లిలో మా చర్చిలో, దేవుడు చేసిన మేలుకి అమ్మ సాక్ష్యం చెప్పడానికి లేస్తే ఎప్పుడూ అదే వరస. ముందు కష్టం, తర్వాత ప్రార్థన, చివర జవాబు. మేక తప్పిపోయినా అంతే, మోకాలు పట్టేసినా అంతే. జవాబు రానిదే అసలు లేచేది కాదు. చిన్నప్పుడు చాప మీద కళ్లు మూసుకుని, ఇప్పుడు ప్రార్థన దగ్గరికొచ్చింది, ఇప్పుడు జవాబు అని లోపల లెక్క వేసుకునేదాన్ని. ఆ గొంతులో నిద్ర కమ్మగా ఉండేది.

ఇదే ఆఖరిసారి అనుకుని మూడోసారి పరీక్ష రాశాను. ఉప్పుమళ్ల ప్యాసేజీ వచ్చింది. తెల్లటి ఎండలో గట్ల వెంట నడుస్తూ ఉండగానే టైమైపోయింది. ఫలితం వచ్చాక మూడు రోజులు మెతుకు ముట్టలేదు.

ఆ ఆదివారం ఆరాధనలో అమ్మ లేచి నిలబడింది. కష్టం ఉంది, ప్రార్థనా చేసే ఉంటుంది, జవాబేది? నా మూలంగా అందరి ముందూ మధ్యలో ఆగిపోతుందని తల వంచుకున్నాను.

"పెబువుకి స్తోత్రం. నిన్న సందేళ మా పిల్ల అన్నం తిన్నాది," అంది అమ్మ. "పరీక్ష పోయిందని మూడ్రోజులు పస్తున్నాది. ఉజ్జోగం ఇమ్మని అడగలేదండి నేను. దాని కడుపుకి కూడు దిగితే సాలన్నాను. సందేళ అదే వచ్చి, అమ్మా, పెట్టవే అన్నాది."

జవాబు ముందు, కష్టం వెనక. ఇన్నేళ్లు వరస పట్టానని మురిసిపోయాను గానీ, మా అమ్మ కష్టం ఏదో మాత్రం తప్పు చదివాను. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

అమ్మ వచ్చి చాప మీద నా పక్కన కూర్చుంది. పాట మొదలయ్యాక నా చెవి దగ్గరికి వంగి అడిగింది.

"ఇంటికెళ్లాక ఏటి తింతావు?"